మెరుపు కాగితంతో కట్టిన ఊరు: క్రాకోవ్ షోప్కా

క్రిస్మస్ దగ్గరపడుతోందంటే చర్చి ఆవరణలోనో, ఇంటి వరండాలోనో పశువుల పాక వేయడం మనవైపు క్రైస్తవులకు మామూలే. నాలుగు కర్రలు పాతి, పైన వరిగడ్డి కప్పి, ఒక నక్షత్రం వేలాడదీస్తారు. తొట్టిలో బాలయేసు, పక్కన మరియమ్మ, యోసేపు, కాస్త ఇవతల గొర్రెలూ గొల్లలూ, ఒంటెలతో ముగ్గురు జ్ఞానులు. పాక ఎంత బీదగా కనిపిస్తే కథకు అంత దగ్గరగా ఉన్నట్టు. ఈ లెక్కన పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో చేసే షోప్కాని చూస్తే ఇది కూడా యేసు పుట్టుక దృశ్యమేనా అని సందేహం రావడం ఖాయం. అక్కడ గడ్డి లేదు, పాకా లేదు. ఎర్రగా, పచ్చగా, బంగారు రంగులో ధగధగలాడే బురుజులు, గుమ్మటాలు, రంగుటద్దాల కిటికీలతో అంతస్తు మీద అంతస్తుగా లేచిన రాజభవనం అది. బాలయేసు ఉంటాడు, కానీ ఎక్కడున్నాడో కొంచెం వెతుక్కోవాలి. కింది అంతస్తులో ఊరి జనం, మధ్య అంతస్తులో తిరుకుటుంబం, ఆ పైన ఆకాశాన్నంటే శిఖరాలు. అన్నిటికీ మించిన విచిత్రం, ఆ భవనంలోని ప్రతి ముక్కా క్రాకోవ్‌లో నిజంగా ఉన్న ఏదో ఒక కట్టడానిదే.

యేసు పుట్టుకను తమ ఊళ్లోనే జరిగినట్టు చూపించడం ఒక్క క్రాకోవ్ వాళ్లే చేసిన పని కాదు. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో క్రైస్తవ సన్యాసి అస్సీసి ఫ్రాన్సిస్ జరిపిన క్రిస్మస్ నుంచి ఈ ఆచారం బలపడిందని చెబుతారు. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వెళ్లిన చోటికల్లా ఇదీ వెళ్లింది, వెళ్లిన చోటల్లా రూపం మార్చుకుంది. నేపుల్స్ కళాకారులు తమ ఊరి సంతనీ, పూటకూళ్ల ఇంటినీ, చేపలమ్మే వాళ్లనీ తెచ్చి బాలయేసు చుట్టూ నిలబెట్టారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్‌లో మట్టి బొమ్మల రూపంలో రొట్టెలు కాల్చేవాడు, కత్తులు సానబట్టేవాడు వచ్చి చేరారు. ఈ రెండు చోట్లా ఊరంటే మనుషులు. క్రాకోవ్‌లో మాత్రం ఊరంటే భవనాలు. ఈ తేడా ఎందుకొచ్చిందన్నది షోప్కా గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న. జవాబు కోసం దైవశాస్త్రాల దాకా పోనక్కర్లేదు, దాన్ని చేసినవాళ్ల చేతుల్ని చూస్తే చాలు.

19వ శతాబ్దంలో షోప్కాలు చేసినవాళ్లలో ఎక్కువమంది తాపీ మేస్త్రీలు, పెంకులు వేసేవాళ్లు, వడ్రంగులు. క్రాకోవ్ శివార్లలోని క్రోవోద్జా, జ్వెజినియెత్స్ లాంటి పల్లెల్లో కాపురం, ఊళ్లో పని. పోలండ్ చలికాలంలో సున్నం పనులు సాగవు, తడి ఆరేలోపే గడ్డకడుతుంది. అంటే నవంబర్ నుంచి వసంతం దాకా కూలి లేదు. చేతిలో పనితనం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, ముందు పండగ ఉంది. వేసవంతా ఏ గోడలకు మరమ్మతులు చేశారో, ఏ కప్పులకు పెంకులు సర్దారో, వాటినే చలికాలంలో చెక్క బద్దలతో, అట్టలతో, రంగు కాగితాలతో చిన్నగా కట్టేవారు. కిటికీ పైన కమాను ఎలా తిరుగుతుందో, బురుజు నాలుగు పలకల నుంచి ఎనిమిది పలకలుగా ఎక్కడ మారుతుందో వాళ్లకు బొమ్మ చూసి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. అది వాళ్ల వృత్తి.

చేసినవి రెండు రకాలు. చిన్నవి అమ్మకానికి. ఊరి నడిబొడ్డున ఉన్న ప్రధాన చౌరస్తాలో పెట్టి అమ్మితే కలిగినవాళ్లు కొని పిల్లల కోసం ఇంట్లో పెట్టుకునేవారు. పెద్దవి ఆట కోసం. వీటిలో మధ్య భాగం ఒక చిన్న రంగస్థలం. నేలలో సన్నని గాడి ఉండేది. పుల్లకు గుచ్చిన బొమ్మల్ని ఆ గాడిలోంచి ఆడించేవారు. లోపల కొవ్వొత్తి వెలిగిస్తే రంగు కాగితాల కిటికీలు మెరిసేవి. ఇద్దరు ముగ్గురు కలిసి ఈ బరువును మోసుకుంటూ, క్యారల్స్ పాడుకుంటూ, ఇంటింటికీ తిరిగి ఆట కట్టేవారు.

ఆ ఆటలో భక్తి పాలు ఎంత, వినోదం పాలు ఎంత అంటే వినోదానిదే పైచేయి అనక తప్పదు. హేరోదు రాజు సింహాసనమెక్కి కూర్చుని పసిపిల్లల్ని చంపమంటాడు. కొడవలి పట్టుకుని మృత్యువు వచ్చి వాడి తల ఎగరగొడుతుంది. దయ్యం వచ్చి ఆత్మను పట్టుకుపోతుంది. ఇంతవరకూ బైబిలు, దానికి అంటుకున్న కథ. ఆ తర్వాత తెర మొత్తం ఊరిదే. క్రాకోవ్ పల్లె జంట డాన్సు చేస్తుంది, కొండప్రాంతపు మనిషి గెంతుతాడు, దయ్యానికి ఆత్మను అమ్ముకున్న మాంత్రికుడు పాన్ త్వార్దోవ్‌స్కీ వస్తాడు. చివరికి సంచి పట్టుకున్న ముసలి బిచ్చగాడి బొమ్మ వచ్చి ప్రేక్షకుల్ని చిల్లర వేయమంటుంది. ఆట కట్టినవాళ్ల కూలి అలా వసూలయ్యేది. రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క దూరి నాలుగు మోటు జోకులు వేసి పోయే మన తోలుబొమ్మలాట తెలిసినవాళ్లకు ఈ అల్లిక కొత్తేమీ కాదు.

ఈ మోటుతనం చర్చికి నచ్చలేదు. మొదట్లో బొమ్మలాట చర్చిల లోపలే జరిగేది. ప్రార్థన స్థలంలో నవ్వులు, గోల ఎక్కువవుతున్నాయని 18వ శతాబ్దంలో పోలండ్ బిషప్పులు దాన్ని బయటికి పంపేశారు. దండనగా వేసిన ఈ వేటే షోప్కాకి పుట్టుక ఇచ్చిందని అనుకోవచ్చు. వీధిలోకి వచ్చాక దానికి గోడలు కావాలి, కప్పు కావాలి, మోయడానికి వీలుగా ఉండాలి, దూరం నుంచి జనాన్ని లాగాలి. చర్చి లోపల ఉన్నప్పుడు దానికి వేరే భవనం అవసరం రాలేదు. బయటపడ్డాకే తన భవనం తాను కట్టుకుంది.

ఆ బొమ్మల్లో ఇప్పుడు చూస్తే ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. యూదు వ్యాపారి పాత్ర పాత ఆటలో ఎప్పుడూ ఉండేది, చాలాసార్లు వెక్కిరింతగానే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు క్రాకోవ్ జనాభాలో దాదాపు నాలుగో వంతు యూదులు. 1943 మార్చిలో నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన అక్కడి ఘెట్టో అనే పేటని ఖాళీ చేయించారు, ఆ సమాజం తుడిచిపెట్టుకుపోయింది. జానపద కళ అనగానే అంతా అమాయకం, అంతా ముద్దు అనుకునే అలవాటుకు ఈ బొమ్మ ఒక అడ్డుకట్ట. వీధి ఆట ఊరి మంచినీ చూపిస్తుంది, ఊరి చిన్నచూపునూ దాచుకోదు.

భవనాల సంగతికి వస్తే, మేస్త్రీల పనితనం ఒక కారణం మాత్రమే. రెండోది రాజకీయం. 1795 నుంచి 1918 దాకా పోలండ్ అనే దేశం మ్యాపులో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. 1846లో క్రాకోవ్ ఆస్ట్రియా చేతికి పూర్తిగా వెళ్లింది. పోలండ్ రాజులు పట్టాభిషేకం చేసుకున్న, సమాధుల్లో పడుకున్న వావెల్ కొండ మీది కోటను ఆస్ట్రియా సైన్యం బ్యారక్‌గా వాడుకుంది. 1905లో గానీ ఖాళీ చేయడం మొదలుపెట్టలేదు. అంటే కోటలో పరాయి సిపాయిలు బట్టలు ఆరేసుకుంటున్న రోజుల్లోనే శివారు మేస్త్రీలు ఆ కోట బురుజుల్ని బంగారు కాగితంతో చేసి, లోపల బాలయేసుని పెట్టి, ఊరంతా ఊరేగించారు. రష్యాతో, ప్రష్యాతో పోరాడిన కోష్చుష్కో లాంటి వీరుల బొమ్మలూ ఆ ఆటలో కనిపించేవి. ఇది తిరుగుబాటు అని ఎవరూ కేసు పెట్టలేరు, క్రిస్మస్ బొమ్మే కదా. చూసేవాళ్లకు మాత్రం అర్థం కావలసింది అర్థమయ్యేది.

ఇప్పుడు షోప్కా అనగానే కళ్లముందు మెదిలే రూపానికి మూలం మిహావ్ ఎజెనెకియెర్ చేసినదని అంటారు. క్రోవోద్జాకు చెందిన మేస్త్రీ ఆయన, పెంకుల పనీ చేసేవాడు. 19వ శతాబ్దం చివర్లో ఆయన చేసిన పెద్ద షోప్కా క్రాకోవ్‌లోని ఎథ్నోగ్రాఫిక్ మ్యూజియంలో ఉంది. రెండు పక్కలా రెండు పొడవాటి బురుజులు, మధ్యలో గుమ్మటం, దాని కింద రంగస్థలం. బురుజులు ప్రధాన చౌరస్తాలోని సెయింట్ మేరీ బసిలికా అనే పెద్ద చర్చివి. మధ్య గుమ్మటం వావెల్ కేథడ్రల్‌ని ఆనుకుని ఉన్న సిగిస్మండ్ చాపెల్‌ని గుర్తుచేస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు దీన్నే వ్యాకరణంలా పట్టుకున్నారు.

ఈ రెండు కట్టడాల గురించి కొంచెం తెలిస్తే షోప్కాని చదవడం తేలిక. సెయింట్ మేరీ బసిలికా బురుజులు రెండూ ఒక ఎత్తు కావు. ఒకటి 82 మీటర్లు, రెండోది 69 మీటర్లు. ఇద్దరు అన్నదమ్ములు చెరొకటి కట్టారని, పెద్దవాడు అసూయతో తమ్ముణ్ణి చంపేశాడని ఊళ్లో కథ చెప్పుకుంటారు. పొడుగు బురుజు కొసన 1666లో పెట్టిన బంగారు పూత కిరీటం ఉంది. షోప్కా చేసేవాడు ఎన్ని స్వేచ్ఛలు తీసుకున్నా ఈ కిరీటాన్ని వదిలిపెట్టడం తక్కువ. సిగిస్మండ్ చాపెల్‌ని 1519-1533 మధ్య ఇటలీ నుంచి వచ్చిన బార్తొలొమేయో బెరెచ్చి కట్టాడు. దాని గుమ్మటం బంగారు పొలుసులతో చేప వీపులా ఉంటుంది. మెరుపు కాగితానికి ఇంతకంటే అనువైన కట్టడం దొరకదు.

షోప్కాలో తమాషా ఏమిటంటే ఈ కట్టడాల కొలతల్ని ఎవరూ పట్టించుకోరు. ఊరికి ఈ చివరున్న కోట గేటు, ఆ చివరున్న చర్చి కిటికీ, మధ్యలో ఉన్న పాత బట్టల మార్కెట్ వరండా, కోటగోడకు కాపలాగా కట్టిన గుండ్రటి బార్బికన్ బురుజు... అన్నీ ఒకే ముఖద్వారంలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. వేర్వేరు కాలాల నిర్మాణ శైలులు కూడా కలిసిపోతాయి: గోతిక్ పక్కన రినైసాన్స్, దాని నెత్తిన బరోక్. నిజం భవనం ఇలా కడితే ఆర్కిటెక్ట్ పరువు పోతుంది. ఇక్కడ మాత్రం ఏ ముక్క ఎక్కడిదో చూపరి గుర్తుపట్టాలి, అయినా మొత్తం కలిపి ఒకే భవనంలా నిలబడాలి. ఈ రెండింటి మధ్య పేచీని ఎంత నేర్పుగా తీర్చాడన్నదే చేసినవాడి ప్రతిభకు కొలమానం. ఊరి నమూనా చేయడం ఎవరికైనా వస్తుంది, ఊరిని కలలో చూసినట్టు చేయడం కష్టం.

దగ్గరికి వెళ్లి చూస్తే కనిపించే పని వేరు. అస్థిపంజరం చెక్క బద్దలు, ప్లైవుడ్, మందపాటి అట్ట. దాని మీద ముఖభాగాన్ని పొరలు పొరలుగా ఎత్తుతారు. గోడ, దాని మీద స్తంభం, స్తంభం మీద గట్టు, గట్టు మీద పువ్వు. ప్రతి పొరకూ ముందు అట్ట కోసి, దాని మీద మెరుపు కాగితం అంటించి, మొండి కొసతో నొక్కి గీతలు తీస్తారు. బంతుల్లాంటివి కావాలంటే కాగితాన్ని వేళ్ల మధ్య గుండ్రంగా నలుపుతారు. తాడులాంటి అంచు కావాలంటే రెండు రంగుల కాగితాల్ని మెలిపెడతారు. రంగుటద్దాల కిటికీకి నల్ల అట్టలో గళ్లు కోసి వెనక పారదర్శక రంగు కాగితాలు అతికిస్తారు. ఒక కిటికీలో డజన్ల కొద్దీ గళ్లుంటాయి, ఒక షోప్కాలో డజన్ల కొద్దీ కిటికీలు. పెద్ద షోప్కాకి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది దాటుతుంది. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం తిని, వంటింటి బల్ల మీద సర్దుకుని చేసే పని ఇది. ఇంట్లోవాళ్ల ఓపిక కూడా ముడిసరుకులో భాగమే.

కాగితం ఎక్కడినుంచి వచ్చేదన్నది ఒక చిన్న సామాజిక చరిత్ర. కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో రకరకాల రంగుల మెరుపు కాగితాలు కొట్లో దొరికేవి కావు. చాక్లెట్లకు, మిఠాయిలకు చుట్టిన కాగితాలే దిక్కు. తిన్నవాళ్లు పారేయకుండా గోటితో సాపు చేసి దాచిపెట్టేవారు, చుట్టాలు, పక్కింటివాళ్లు పోగుచేసి ఇచ్చేవారు. 1980లలో చాక్లెట్‌ని కూడా రేషన్ కార్డు మీద ఇచ్చిన దేశంలో ఇదేమంత తేలిక కాదు. ఇవాళ ఏ రంగు కావాలన్నా కొనుక్కోవచ్చు. కొవ్వొత్తుల చోట ఎల్‌ఈడీలు వచ్చాయి. చిన్న మోటార్లు బొమ్మల్ని తిప్పుతాయి. గాడిలోంచి పుల్ల పట్టుకుని ఆడించిన చెయ్యి చేసిన పని ఇప్పుడు గుండ్రంగా తిరిగే పళ్లెం చేస్తోంది.

ఈ ఒక్క మార్పులో షోప్కా ఆధునిక చరిత్రంతా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటింటి ఆట తగ్గిపోయింది. మేస్త్రీలకు వేరే పనులు దొరికాయి, ఊళ్లో సినిమా వచ్చింది, చౌరస్తాలో షోప్కాలు అమ్మేవాళ్లు పలచబడ్డారు. అప్పుడు నగర ప్రచార వ్యవహారాలు చూసే యెజీ దొబ్జిత్స్కి ఒక ఉపాయం ఆలోచించాడు. 1937 డిసెంబర్‌లో చౌరస్తాలోని కవి ఆడమ్ మిత్స్కియెవిచ్ విగ్రహం మెట్ల మీద షోప్కాల పోటీ పెట్టించాడు. మరుసటి ఏడాది మళ్లీ జరిగింది. తర్వాత యుద్ధం. 1940లో జర్మన్లు ఆ విగ్రహాన్నే కూల్చేశారు. 1945 డిసెంబర్‌లో పోటీ తిరిగి మొదలైంది, విగ్రహం మాత్రం 1955లో గానీ తిరిగి లేవలేదు. దొబ్జిత్స్కి నగర చరిత్ర మ్యూజియం డైరెక్టరయ్యాక పోటీ బాధ్యత మ్యూజియానిదైంది. అప్పటినుంచి ఏటా నడుస్తూ 2022లో 80వ పోటీకి చేరింది.

టూరిస్టుల కోసం ఈ కళను పాడుచేశారని అప్పుడప్పుడూ వినిపించే విమర్శ ఇక్కడ తడబడుతుంది. పోటీ పుట్టిందే ఊరి ప్రచారం కోసం. అమ్మకం పాత రోజుల నుంచీ ఉన్నదే. చిన్న షోప్కాలు మొదటినుంచీ కొనేవాడి కోసం చేసినవే తప్ప బొమ్మలాట కోసం కాదు. కనుక డబ్బు వచ్చి భక్తిని తరిమేసిందన్న మాట చెల్లదు. పోటీ తెచ్చిన అసలు మార్పు వేరే ఉంది. వీధిలో ఆడించేటప్పుడు షోప్కాకి ఆట ముఖ్యం, భవనం దానికి వేదిక. జడ్జిల ముందు పెట్టినప్పుడు భవనమే ముఖ్యం, ఆట ఒక అలంకారం. మార్కులు దేనికి పడతాయో కళ అటే పెరుగుతుంది. క్రాకోవ్ కట్టడాల పోలిక, నిర్మాణంలో కొత్తదనం, రంగుల పొందిక, అలంకరణ, బొమ్మల పనితనం, ఇలా చూస్తారు. ఆ బొమ్మలు ఏం మాట్లాడతాయి, జనాన్ని నవ్విస్తాయా అన్నదానికి మార్కులు లేవు. దాంతో ఎత్తు పెరిగింది, సన్నదనం పెరిగింది, నగిషీ పెరిగింది. హేరోదు తల ఎగరడం తగ్గింది.

ఇది నష్టమేనా? నష్టమే, ఒప్పుకోవాలి. ఆటలోని వెటకారం ఊరి బలం. అయితే ఆ వెటకారం పూర్తిగా చచ్చిపోలేదు, ఇల్లు మారింది. 1905లో క్రాకోవ్‌లో పుట్టిన 'ఆకుపచ్చ బెలూన్' అనే క్యాబరే బృందం షోప్కా రూపాన్ని తీసుకుని ఊరి ప్రముఖుల్ని, రాజకీయ నాయకుల్ని బొమ్మలుగా చేసి ఏకిపారేసింది. పోలండ్‌లో రాజకీయ వ్యంగ్య ప్రదర్శనలకు 'షోప్కా' అనే పేరు అలా స్థిరపడింది. మేస్త్రీల సొత్తులో గోడలు ఒకరు, మాటలు ఒకరు పంచుకున్నట్టయింది. పోటీ లేకపోతే గోడలు కూడా దక్కేవి కావన్నది దానికి అటువైపు నిజం. 1930లలో యూరప్‌లో ఇలాంటి వీధి ఆచారాలు ఎన్నో పోయాయి, అన్నిటికీ దొబ్జిత్స్కి దొరకలేదు.

కమ్యూనిస్టు కాలంలో ఈ ఏర్పాటు మరో రకంగా కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. మతం మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచిన ప్రభుత్వం కింద, ప్రభుత్వ మ్యూజియమే ఏటా బాలయేసు ఉన్న బొమ్మలకు బహుమతులు ఇచ్చింది. పైకి అది జానపద కళ, నగర వాస్తుశిల్పానికి నివాళి. లోపల తిరుకుటుంబం ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆస్ట్రియా కాలంలో క్రిస్మస్ ముసుగులో దేశం వెళ్లింది, కమ్యూనిస్టు కాలంలో ఊరి ముసుగులో క్రిస్మస్ వెళ్లింది. 1978లో క్రాకోవ్ ఆర్చిబిషప్ కరోల్ వొయ్తివా రెండో జాన్ పాల్ పోపు అయ్యాక, తెల్లటి అంగీలో ఆయన బొమ్మ కూడా కింది అంతస్తు జనంలో వచ్చి చేరింది.

ఆ కింది అంతస్తు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పిల్లలు మొదట చూసేది దాన్నే. విస్తులా నది నీళ్లు తాగి తాగి పొట్ట పగిలిన వావెల్ డ్రాగన్ అక్కడ ఉంటుంది. దానికి గంధకం కూరిన గొర్రెను తినిపించిన చెప్పులు కుట్టే కుర్రాడు ఉంటాడు. గుడ్డ గుర్రాన్ని నడుముకు కట్టుకుని తాతార్ (పూర్వం దండెత్తి వచ్చిన గుర్రపు యోధుడి) వేషంలో గడ్డంతో ఉన్న లైకోనిక్ ఉంటాడు. నిజం లైకోనిక్ ఏటా జూన్‌లో జ్వెజినియెత్స్ నుంచి చౌరస్తా దాకా వచ్చి, ఎదురైనవాళ్లను గదతో తట్టిపోతాడు, తట్టించుకుంటే అదృష్టమంటారు. బసిలికా బురుజు మీద బాకా ఊదేవాడూ ఉంటాడు. గంటగంటకూ నాలుగు దిక్కులా ఊదే ఆ రాగం మధ్యలో తెగిపోతుంది. తాతార్ల దండయాత్రలో గొంతుకు బాణం తగిలి ఊదేవాడు అక్కడే ఆగిపోయాడన్నది కథ. బెత్లెహేము గొల్లల చోట ఈ జనం అంతా చేరారు. యేసు యూదయలో పుట్టాడన్న సంగతి వీళ్లెవరికీ అడ్డు రాలేదు.

పోటీ రోజు డిసెంబర్ మొదటి గురువారం. పొద్దున్నుంచే విగ్రహం మెట్ల మీదికి షోప్కాలు చేరతాయి. ఆ నెలలో అక్కడ మంచో, సన్నటి వానో, చెవులు కోసే గాలో ఏదో ఒకటి ఉంటుంది. కాగితం, అట్ట, జిగురు, ఈ మూడింటికీ తడి పడదు. ఇంటి నుంచి దుప్పట్లు, ప్లాస్టిక్ కవర్లు చుట్టి తెచ్చినవి మెట్ల మీద విప్పుతుంటే చేసినవాళ్ల ముఖాల్లో టెన్షన్ చూడాలి. పైన ఒక బురుజు కొస వంకరపోయిందని జేబులోంచి జిగురు తీసేవాళ్లుంటారు. పెద్దవాటి పక్కనే బడిపిల్లలు పెరుగు డబ్బాలతో, అట్టపెట్టెలతో చేసినవీ ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండుకి బురుజు మీది బాకా మోగాక, ఒక్కొక్కరే తమ షోప్కాని ఎత్తుకుని జనం ముందు నుంచి నడుస్తారు. తర్వాత అన్నీ మ్యూజియానికి చేరతాయి. జడ్జిలు రెండు మూడు రోజులు చూసి ఆదివారం ఫలితాలు చెబుతారు. శీతాకాలమంతా ప్రదర్శన నడుస్తుంది.

పెద్దవి, మధ్యరకం, చిన్నవి, అతి చిన్నవి అని విభాగాలున్నాయి. పెద్దవి 120 సెంటీమీటర్లు దాటాలి, అతి చిన్నవి 15 సెంటీమీటర్ల లోపు ఉండాలి. వీటిలో కొన్ని అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటాయి. పెద్దలు, పిల్లలు, కుటుంబాలు వేరువేరుగా పోటీపడతారు. ఇక్కడ తాపీ మేస్త్రీల వారసత్వం ఏమైందన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఇప్పుడు పోటీకి వచ్చేవాళ్లలో ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, టీచర్లు, రిటైరైనవాళ్లు ఉన్నారు. 1960లలో మొదలుపెట్టి దశాబ్దాలపాటు బహుమతులు గెలిచిన మాచెయ్ మొషెవ్ వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. మాలిక్ కుటుంబం లాంటి ఇళ్లలో తాత, కొడుకు, మనవడు వరసగా చేస్తూ వచ్చారు. ఆకలి తీర్చుకోవడానికి చేసిన పని సెలవురోజు తపస్సుగా మారింది. బహుమతి డబ్బు పెట్టిన గంటలకు సరిపోదు, ఆ సంగతి చేసేవాళ్లందరికీ తెలుసు.

2018 నవంబర్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో జరిగిన సమావేశంలో యునెస్కో ఈ షోప్కాల తయారీని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పోలండ్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి అంశం ఇదే. గమనించాల్సింది, గుర్తింపు వచ్చింది మ్యూజియంలో ఉన్న వస్తువులకు కాదు, చేసే పనితనానికి, దాన్ని ఒకరి నుంచి ఒకరు అందుకోవడానికి. ఆ లెక్కలో పెరుగు డబ్బా షోప్కా చేసిన బడిపిల్లవాడి బరువు కూడా తక్కువేమీ కాదు. మ్యూజియం మంచివి కొని దాచుతుంది. మిగిలినవి చేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి బీరువాల మీద చోటు వెతుక్కుంటాయి. మెరుపు కాగితం ఏళ్లకు వెలిసిపోతుంది, జిగురు ఎండి ఊడిపోతుంది. ఒక్క శీతాకాలం ఆడటానికి చేసిన వస్తువును వందేళ్లు కాపాడటం మ్యూజియం వాళ్లకు చేతినిండా పనే.

కళ ఇంత బాగా నిలదొక్కుకున్నాక ఒక ప్రశ్న మిగిలే ఉంది. షోప్కాలో కనిపించే క్రాకోవ్ ఏ క్రాకోవ్? దాదాపు అంతా పాత గోడల లోపలిది, వావెల్ కొండది. 1949లో ఉక్కు కర్మాగారం కోసం కట్టిన నోవా హుతా ఇప్పుడు ఆ నగరంలో భాగమే. చర్చి లేని ఆదర్శ కార్మిక నగరంగా దాన్ని ప్రభుత్వం తలపెట్టింది. అక్కడి కార్మికులు ఏళ్ల తరబడి పోరాడి, సొంత చేతులతో రాళ్లు మోసి కట్టుకున్న చర్చిని 1977లో కార్డినల్ వొయ్తివా ప్రతిష్ఠించాడు. కట్టడం పనివాళ్ల చేతుల్లోంచి పుట్టిన కళకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకోటి ఉండదు. అయినా పోటీలో రాజ్యం ఇప్పటికీ సెయింట్ మేరీ బురుజులదీ, సిగిస్మండ్ గుమ్మటానిదే. దీనికి అభిరుచి ఎంత కారణమో, ఎజెనెకియెర్ వేసిన చట్రమూ అంతే కారణం. నోవా హుతా చర్చి ఓడ ఆకారంలో ఉంటుంది. దానికి జంట బురుజులూ లేవు, మెరిసే గుమ్మటమూ లేదు. మెరుపు కాగితంలో దాన్ని చేసి, అది కూడా షోప్కాయే అని జడ్జిల చేత ఒప్పించాలంటే, ఎవరో ఒకరు ముందు ఆ చట్రాన్నే కొత్తగా కట్టాలి.